ఇంట్లో పెంచే తాబేలుకి ఎండ ఎలా ఏర్పాటు చేయాలి: వేడి, వెలుతురు, యూవీబీ అమరిక

నేల తాబేలుని ఇంట్లో పెంచేవాళ్లు తిండి విషయంలో చాలా శ్రద్ధ పెడతారు. ఏ ఆకులు పెట్టాలి, కాల్షియం పొడి ఎంత చల్లాలి అని అడగనివాళ్లు ఉండరు. అంత చేసినా కొన్ని తాబేళ్లకి డిప్ప మెత్తబడుతుంది, కాళ్లు వంకర పోతాయి, నడిచేటప్పుడు పొట్ట నేలకి రాసుకుంటూ ఈడ్చుకుపోతాయి. చాలాసార్లు లోపం తిండిగిన్నెలో కనిపించదు, పెట్టె మీద వేలాడే బల్బు దగ్గర దొరుకుతుంది. తిన్నది ఒంటబట్టాలంటే తాబేలుకి ఎండ కావాలి. ఇంట్లో ఆ ఎండని మనమే సమకూర్చాలి.

ఇక్కడ చెప్పేదంతా నేల మీద తిరిగే తాబేళ్ల గురించే. నీళ్లలో ఉండేవాటి అమరిక వేరు. ఇంకో మాట: మీ దగ్గరున్న జాతిని మీరున్న చోట పెంచడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోండి. చాలా జాతులకి చట్టరక్షణ ఉంది.

ముందు ఎండ చేసే పని తెలియాలి

తాబేలు ఒంట్లో వేడి దానంతట అది పుట్టదు. చుట్టూ ఉన్న వేడిని బట్టే దాని ఒళ్లు వేడెక్కుతుంది. ఒళ్లు వేడెక్కితేనే కదలిక, ఆకలి, అరుగుదల. దాని పేగుల్లో పీచుని కరిగించే సూక్ష్మజీవులు కూడా వెచ్చగా ఉంటేనే పని చేస్తాయి. చల్లగా ఉన్న తాబేలు తిన్న ఆకు లోపల అలాగే పడి ఉంటుంది.

రెండోది యూవీబీ. ఇది ఎండలో కంటికి కనపడని భాగం, 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే కిరణాలు. ఇవి చర్మం మీద పడినప్పుడు అక్కడున్న ఒక రకం కొలెస్టరాల్ మారి విటమిన్ డీ3కి ముందు రూపం తయారవుతుంది. ఆ ముందు రూపం అసలు డీ3గా మారడానికి ఒంటి వేడి తోడు కావాలి. డీ3 లేకపోతే మీరు చల్లిన కాల్షియం పొడి పేగుల్లోంచి ఒంట్లోకి సరిగా ఎక్కదు. అప్పుడు శరీరం ఎముకల్లో, డిప్పలో ఉన్న కాల్షియాన్ని లాక్కుంటుంది. డిప్ప మెత్తబడటం వెనక జరిగేది ఇదే.

అంటే వేడి, యూవీబీ రెండూ ఒకే చోట, ఒకే వేళకి అందాలి. వేడి బల్బు ఒక మూల, యూవీబీ ఇంకో మూల పెట్టిన పెట్టెలు చాలా కనిపిస్తాయి. అందులో తాబేలు వెచ్చదనం కోసం బల్బు కిందే కూర్చుంటుంది, యూవీబీ మట్టి మీద పడుతుంటుంది. ఈ గైడ్‌లో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇది గుర్తుంచుకోండి: పెట్టెలో ఒక కొస పూర్తి ఎండ, రెండో కొస పూర్తి నీడ.

కిటికీ పక్కన పెడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. మామూలు కిటికీ అద్దం యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. పైగా అద్దాల తొట్టిని ఎండ పడే చోట పెడితే లోపల వేడి నిమిషాల్లో పెరిగిపోతుంది, తాబేలుకి తప్పించుకునే దారి ఉండదు. ఈ కారణంగా చనిపోయే తాబేళ్లు ఉన్నాయి.

మెట్టు 1: మీ జాతికి ఎంత వేడి కావాలో రాసుకోండి

ఏమీ కొనకముందే చేయాల్సిన పని ఇది. అంకెలన్నీ సెల్సియస్‌లో:

హెర్మన్, గ్రీక్, రష్యన్ తాబేళ్లు: ఎండ కాచుకునే చోట 32 నుంచి 35, చల్లని కొసలో 20 నుంచి 22. ఆరోగ్యంగా ఉన్న పెద్ద తాబేలు రాత్రి 15–18కి దిగినా తట్టుకుంటుంది.

సల్కాటా, లెపర్డ్ తాబేళ్లు: ఎండ చోట 35 దాకా, చల్లని కొసలో 24–26, రాత్రి 20కి తగ్గకూడదు.

రెడ్‌ఫుట్ లాంటి అడవి జాతులు: ఎండ చోట 30–32 చాలు, మిగతా పెట్టె అంతా 26–28, రాత్రి 23–24కి తగ్గకూడదు. వీటికి గాలిలో తేమ బాగా కావాలి.

పిల్ల తాబేళ్లకి ఏ జాతైనా రాత్రి చలి పెద్దవాటికన్నా తక్కువ ఉండాలి. వేడి దేశాల జాతుల పిల్లలకి రాత్రి కూడా 26 దగ్గర నిలిపితే మంచిది.

మెట్టు 2: పెట్టె పొడవు సరిచూసుకోండి

పెట్టె పొట్టిగా ఉంటే ఎంత మంచి బల్బు పెట్టినా ఉపయోగం లేదు. అరవై సెంటీమీటర్ల పెట్టెలో బల్బు వెలిగిస్తే చల్లని కొస అంటూ మిగలదు, అంతా ఒకే వేడి. చిన్న జాతి పెద్ద తాబేలుకి కూడా కనీసం 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు ఉండాలి, ఇంకా పెద్దదైతే ఇంకా మంచిది. బల్బుకీ డిప్పకీ మధ్య తగినంత దూరం ఉండాలి కాబట్టి ఎత్తు కూడా చూసుకోండి. చెక్క గోడలైతే వేడి నిలుస్తుంది, తాబేలు అద్దం గుద్దుకుంటూ తిరగదు. పొడి నేలల జాతులకి పైన తెరిచి ఉన్న పెట్టె నడుస్తుంది. తేమ కావాల్సిన జాతులకి, పిల్లలకి మూసిన పెట్టె కావాలి.

మెట్టు 3: వేడి బల్బు

నా సలహా ఒక్కటే: వెడల్పుగా కాంతి పరిచే హాలోజెన్ ఫ్లడ్ బల్బు. సన్నని వెలుగు కొట్టే స్పాట్ బల్బు వద్దు.

స్పాట్ బల్బు వేడి డిప్ప నడినెత్తిన పడుతుంది. అక్కడ మాడేంత వేడెక్కుతుంది, కాళ్లు, మెడ, తోక చల్లగానే ఉంటాయి. ఒళ్లంతా వెచ్చబడలేదు కాబట్టి తాబేలు అక్కడే కూర్చుంటుంది, డిప్ప ఇంకా ఎండుతుంది. ఎదిగే వయసులో అలా ఎండిన డిప్ప గడులు గుట్టలుగా పైకి లేస్తాయి. ఒకసారి లేచిన గుట్టలు మళ్లీ చదును కావు. దీనికి ముఖ్యమైన కారణం పొడి గాలి అయినా, నెత్తిన కాల్చే సన్నని బల్బు దాన్ని ఇంకా పెంచుతుంది. అందుకే 20 సెంటీమీటర్లు దాటిన తాబేలుకి ఒక పెద్ద బల్బు బదులు తక్కువ వాట్ల బల్బులు రెండు పక్కపక్కన పెట్టండి. వేడి ఒంటి మీద సమంగా పరుచుకుంటుంది.

బల్బు వెలుగు సరిపడా వెడల్పు ఉందో లేదో చూడటం సులువు. తాబేలు డిప్ప ఎత్తుకి ఒక డబ్బా పెట్టి దాని మీద తెల్ల కాగితం పరవండి. బల్బు వెలిగిస్తే కాగితం మీద వెలుగు గుండ్రంగా పడుతుంది. దాని అంచు గీసి, మధ్యలో తాబేలు కొలత గీయండి. తల చాచి, వెనక కాళ్లు బారగా పరిచిన తాబేలు మొత్తం ఆ గుండ్రం లోపల పట్టాలి. డిప్ప మాత్రమే పడితే ఆ బల్బు చాలదు.

సిరామిక్ హీటర్ పెడితే సరిపోతుందిగా అని కొందరంటారు. రాత్రికి అది మంచిది, పగటికి కాదు. హాలోజెన్ వేడి సూర్యుడి వేడిలాగా చర్మం లోపలి దాకా చొచ్చుకుపోతుంది. సిరామిక్ వేడి చర్మం పైనే ఆగిపోతుంది, పైగా దానికి వెలుగు లేదు. పగలంటే తాబేలుకి వేడీ వెలుగూ కలిసి రావాలి. ఎల్‌ఈడీ బల్బులతో వేడి రాదు కాబట్టి ఈ పనికి అవి పనికిరావు.

కింద పరిచే హీట్ మ్యాట్, వేడి రాయి జోలికి అసలు పోకండి. తాబేలుకి వేడి పై నుంచి వస్తుందని తెలుసు. పొట్ట కింద కాలుతుంటే లేచి పోవాలని దానికి తోచదు. అక్కడే కూర్చుని కాల్చుకుంటుంది.

ఎన్ని వాట్లు అంటే గదిని బట్టి మారుతుంది. 75 వాట్లతో మొదలుపెట్టి, డిప్ప పైభాగానికి 30–35 సెంటీమీటర్ల ఎత్తులో వేలాడదీసి, కొలిచి చూడండి. వేడి ఎక్కువైతే తక్కువ వాట్లకి మారండి లేదా డిమ్మర్‌తో (బల్బు వెలుగు, వేడి తగ్గించే స్విచ్‌తో) తగ్గించండి. చాలకపోతే వాట్లు పెంచండి. 30 సెంటీమీటర్లకన్నా కిందికి మాత్రం దించకండి.

మెట్టు 4: కొలవండి

బల్బు డబ్బా మీద రాసిన అంకెలని నమ్మకండి. మీ చేత్తో తగిలి చూసి చెప్పే వెచ్చదనాన్ని కూడా నమ్మకండి. మనకి గోరువెచ్చగా తోచేది తాబేలుకి సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు.

రెండు పరికరాలు కావాలి. ఒకటి, తీగ చివర సెన్సర్ ఉండే డిజిటల్ థర్మామీటర్. ఎండ కొసలో ఒకటి, చల్లని కొసలో ఒకటి, రెండూ తాబేలు ఎత్తులోనే ఉండాలి. గోడకి అతికించే గుండ్రటి ముల్లు థర్మామీటర్లు గోడ వేడిని చూపిస్తాయి, తాబేలుకి తగిలే వేడిని చూపించవు. రెండోది, ఉపరితలం వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్. జ్వరం చూసే గన్ దీనికి పనికిరాదు, దాని కొలత మనిషి ఒంటికి తగ్గట్టు సరిచేసి ఉంటుంది.

బల్బు కింద ఒక చదునైన రాయి పెట్టండి. బల్బు వెలిగించి రెండు గంటలు వదిలేయండి. అప్పుడు రాయి మీద, డిప్ప ఎత్తులో, చల్లని కొసలో మూడు చోట్లా కొలిచి కాగితం మీద రాసుకోండి. తెల్లవారుజామున ఒకసారి, ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం ఒకసారి మళ్లీ కొలవండి. గది వేడి మారితే పెట్టె వేడీ మారుతుంది. తాబేలు ఎండ కాచుకుంటున్నప్పుడు గన్‌తో డిప్ప పైభాగం చూడండి. 38 దాటుతుంటే బల్బు దగ్గరైనట్టే.

మెట్టు 5: యూవీబీ ట్యూబ్

టెన్షన్ ఎక్కువ ఇక్కడే, ఎందుకంటే ఇది కంటికి కనిపించదు. ట్యూబ్ వెలుగుతున్నంత మాత్రాన యూవీబీ వస్తోందని కాదు.

పొడవాటి టీ5 హై అవుట్‌పుట్ ట్యూబ్ (సన్నగా ఉండి ఎక్కువ వెలుగిచ్చే రకం) తీసుకోండి, రిఫ్లెక్టర్ (వెలుగుని కిందికి మళ్లించే మెరిసే రేకు) ఉన్న ఫిట్టింగ్‌తో. పొడి నేలల తాబేళ్లకి 10 లేదా 12 శాతం రకం, అడవి జాతులకి 5 లేదా 6 శాతం రకం; శాతం అంటే ట్యూబ్ వెలుగులో యూవీబీ వాటా. పొడవు పెట్టెలో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా ఉంటే చాలు. మిగతాది నీడకి వదలండి. ట్యూబ్ ఒక కొస వేడి బల్బు పక్కనే ఉండేలా బిగించండి. అప్పుడే ఎండ కాచుకునే చోట రెండూ కలిసి పడతాయి.

దూరం చాలా ముఖ్యం. రిఫ్లెక్టర్ ఉన్న 12 శాతం టీ5 ట్యూబ్‌ని డిప్పకి 40–45 సెంటీమీటర్ల పైన పెట్టి మొదలుపెట్టవచ్చు. 6 శాతందైతే 30 దగ్గర. ట్యూబ్‌తో పాటు తయారీదారు ఇచ్చే దూరాల పట్టిక ఉంటే దాన్నే పాటించండి. మధ్యలో ఇనుప జాలీ ఉంటే యూవీబీలో మూడో వంతు దాకా అక్కడే పోతుంది. అద్దం గానీ ప్లాస్టిక్ మూత గానీ ఉంటే దాదాపు ఏమీ రాదు. అందుకని ట్యూబ్‌ని జాలీ లోపలివైపు బిగించడం మేలు.

ట్యూబ్ ఎప్పుడూ పై నుంచే పడాలి. తాబేలు కంటి మీద ఎముక గట్టులా ముందుకి వచ్చి పైనుంచి పడే ఎండని ఆపుతుంది. పక్కనుంచి పడే యూవీబీ నేరుగా కంట్లోకి పోయి కళ్లు వాస్తాయి.

వీలుంటే యూవీ ఇండెక్స్ (యూవీ కిరణాలు ఎంత గట్టిగా ఉన్నాయో చెప్పే అంకె) చూపించే మీటర్ తెచ్చుకోండి. దాని ఖరీదు ఎక్కువే, అరువు దొరికినా చాలు. గ్యారీ ఫెర్గుసన్ అనే పరిశోధకుడి బృందం 2010లో కొన్ని బల్లులు, పాములు తమ సహజమైన చోట్ల ఎంత ఎండలో ఉంటాయో కొలిచి వాటిని నాలుగు మండలాలుగా విడదీసింది. ఎండలో బాగా గడిపే మూడో మండలం జంతువులు సగటున 1 నుంచి 2.6 యూవీ ఇండెక్స్‌లో ఉంటాయి, అప్పుడప్పుడు అంతకు మించిన ఎండలోకీ వస్తాయి. ఈ లెక్కన పొడి నేలల తాబేలుకి ఎండ చోట, డిప్ప ఎత్తులో 3 నుంచి 4 పెట్టుకోవచ్చు. అడవి జాతులకి 1 నుంచి 2 చాలు. నీడ కొసలో సున్నా ఉండాలి. అప్పుడు ఎంత కావాలో తాబేలే చూసుకుంటుంది.

మెలితిరిగిన చిన్న కాంపాక్ట్ యూవీబీ బల్బులు వద్దంటాను. వాటి యూవీబీ చిన్న గుండ్రంలోనే పడుతుంది, కాస్త దూరం జరిగితే ఏమీ ఉండదు. మెర్క్యురీ వేపర్ బల్బు వేడి, వెలుగు, యూవీబీ మూడూ ఒకేదానిలో ఇస్తుంది గానీ దాన్ని డిమ్మర్‌కీ థర్మోస్టాట్‌కీ (వేడిని చూసి కరెంటుని అదుపు చేసే పరికరానికీ) కలపలేం. ఆరితే చల్లారేదాకా మళ్లీ వెలగదు. చిన్న పెట్టెలో దాని వేడి అదుపులో ఉండదు. పెద్ద గదిలాంటి పెట్టె ఉన్నవాళ్లకి మాత్రమే అది.

మెట్టు 6: పగటి వెలుగు

చాలామంది వదిలేసేది ఇదే. తాబేలు రంగులు బాగా చూస్తుంది, వెలుగు ఎక్కువున్నప్పుడే చురుగ్గా తిరుగుతుంది, తింటుంది. హాలోజెన్, యూవీబీ ట్యూబ్ రెండూ ఉన్నా పెట్టె మసకగానే ఉండవచ్చు. 6500 కెల్విన్ (పగటి వెలుగు లాంటి తెలుపు) ఎల్‌ఈడీ ట్యూబ్ ఒకటి పెట్టె మధ్య భాగం మీద వేయండి.

మెట్టు 7: రాత్రి చీకటి

రాత్రి అన్ని లైట్లూ ఆరిపోవాలి. ఎర్ర బల్బు తాబేలుకి కనపడదని చెప్పి అమ్ముతుంటారు, అది నిజం కాదు. తాబేలుకి ఎరుపు బాగానే కనిపిస్తుంది, రాత్రంతా ఎర్రగా వెలిగితే దాని నిద్ర పోతుంది.

మీ జాతికి రాసుకున్న రాత్రి అంకె కన్నా గది వెచ్చగా ఉంటే ఏ హీటరూ అవసరం లేదు. చల్లబడితే వెలుగు లేని సిరామిక్ హీటర్ పెట్టండి, థర్మోస్టాట్‌తో కలిపి మాత్రమే. వెలిగినప్పుడు దాని ఉపరితలం 200 డిగ్రీలు దాటుతుంది. పింగాణీ హోల్డర్ తప్పనిసరి. చుట్టూ తీగ పంజరం ఉండాలి.

చల్లగా ఉంటే తాబేలు దానంతట అదే శీతనిద్రలోకి పోతుందిలే అనుకోకండి. వారాల తరబడి పది, ఇరవై డిగ్రీల మధ్య వేలాడే తాబేలు అరిగించుకోనూ లేదు, నిద్రపోనూ లేదు, లోపల్లోపల నీరసించిపోతుంది. శీతనిద్ర కొన్ని జాతులకే ఉంది. సల్కాటా, లెపర్డ్, రెడ్‌ఫుట్‌లకి లేదు.

మెట్టు 8: థర్మోస్టాట్, టైమర్

హాలోజెన్‌కి డిమ్మింగ్ థర్మోస్టాట్ వాడండి. వెలిగి ఆరి, వెలిగి ఆరి చేసే రకం బల్బుని త్వరగా పాడు చేస్తుంది, తాబేలుని కూడా చికాకు పెడుతుంది. సిరామిక్‌కి ఆన్-ఆఫ్ రకం, పల్స్ రకం (కరెంటుని చిన్న చిన్న విడతలుగా పంపేది) రెండూ సరిపోతాయి. సెన్సర్ ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. తాబేలు దాన్ని తోసేసి చల్లని మూలకి నెట్టితే హీటర్ ఆగకుండా మండుతుంది. గోడకి బిగించండి. యూవీబీ ట్యూబ్‌ని డిమ్మర్‌కి కలపకండి.

పగలు 12 గంటలు. వేసవిలో 13–14కి పెంచవచ్చు. లైట్లన్నీ టైమర్ మీద ఉంటే మీరు ఊళ్లో లేకపోయినా తాబేలుకి పొద్దు మారదు.

మెట్టు 9: నిప్పు భయం

క్లిప్పు మీద నిలబెట్టిన బల్బు ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. కింద ఎండుగడ్డి ఉంటుంది. అందుకే ప్రతి వేడి బల్బుని గొలుసుతో పైకి కట్టండి, క్లిప్పు ఊడినా గొలుసు మీద వేలాడాలి. హోల్డర్ మీద రాసిన వాట్లకి మించిన బల్బు పెట్టకండి. నీళ్లు చిమ్మే పెట్టె అయితే బల్బు మీద తుంపర పడకుండా చూడండి, వేడి గాజు పగులుతుంది. వైరు ప్లగ్గు కన్నా కిందికి వంగి పైకి వచ్చేలా వదిలితే నీటిబొట్టు ప్లగ్గులోకి పోకుండా వంపు దగ్గరే కారిపోతుంది. గదిలో పొగ అలారం పెట్టించుకోండి.

మెట్టు 10: తాబేలు లేకుండా రెండు రోజులు నడిపించండి

అంతా బిగించాక, తాబేలుని లోపల పెట్టకముందే రెండు పగళ్లు, రెండు రాత్రులు నడిపించి ప్రతిసారీ వేడి రాసుకోండి. అంకెలు నిలకడగా ఉంటేనే తాబేలుని దించండి. మట్టి అడుగు తడిగా ఉంచండి. బల్బు వల్ల గాలి ఎండిపోతుంది కాబట్టి చల్లని కొసలో తడి మట్టితో దాక్కునే గూడు ఒకటి తప్పనిసరిగా ఉండాలి.

ఆ తర్వాత కొన్నాళ్లు దాన్ని గమనించండి. అమరిక బాగుంటే లైట్లు వెలిగిన కాసేపటికి అది గూడులోంచి బయటికి వస్తుంది. బల్బు కిందికి నడిచి మెడ చాచి, వెనక కాళ్లు చాపి, అరికాళ్లు కనిపించేలా పరుచుకుంటుంది. కాసేపు అలా ఉండి లేచి తింటుంది, పెట్టె అంతా తిరుగుతుంది, మళ్లీ వచ్చి కాచుకుంటుంది. రోజంతా బల్బు కిందే అతుక్కుపోతే వేడి చాలడం లేదు. పగలంతా గూడులోనే ఉండి బయటికి రాకపోతే వేడి గానీ యూవీబీ గానీ ఎక్కువైంది, లేదా మరీ చల్లగా ఉంది. కొలిస్తే ఏదో తెలిసిపోతుంది. కళ్లు మూసుకుని, రెప్పలు వాచి ఉంటే ముందు ట్యూబ్ దూరం, కోణం చూడండి.

ట్యూబ్ బిగించిన తేదీ దాని కొస మీదే మార్కర్‌తో రాయండి. మీటర్ లేనివాళ్లు టీ5 ట్యూబ్‌ని ఏడాదికి, పాత, లావుపాటి టీ8 రకాన్ని ఆరు నెలలకి మార్చేయాలి. అప్పటికీ అది తెల్లగా వెలుగుతూనే ఉంటుంది, యూవీబీ మాత్రం చాలావరకు తగ్గిపోతుంది. ట్యూబ్ మీద దుమ్ము కూడా యూవీబీని తినేస్తుంది. ఆరి చల్లారాక పొడి గుడ్డతో తుడవండి.

ముక్కులోంచి బుడగలు రావడం, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, డిప్ప నొక్కితే లోపలికి పోవడం, నడవలేకపోవడం కనిపిస్తే లైట్లు మార్చి చూద్దాంలే అని ఆగకండి. పుట్టి కొన్ని నెలలే అయిన పిల్లల డిప్ప కాస్త మెత్తగా ఉండటం సహజం, పెద్దవాటికి కాదు. సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు పెట్టె ఫొటో, బల్బుల వాట్లు, ట్యూబ్ రకం, అది బిగించిన తేదీ, డిప్పకి ఉన్న దూరం, మీరు రాసుకున్న వేడి అంకెలు వెంట ఉండాలి. డాక్టర్ మొదట అడిగే ప్రశ్నలు వాటి గురించే.